ఇంజనుకు లోపలి కుట్టు

పోయిన వారం మనం చిత్తూరు నుంచి పలమనేరుకు పోయే మొగిలి ఘాటులో సగం దూరం ఎక్కి ఉన్నాం. మా వారు గంగాధరంగారు యాక్సిలరేటరును నేలకు తొక్కిపట్టి ఉన్నారు. కారు మాత్రం పీటల మీదికి నడిచే పెళ్ళికూతురిలా తల వంచుకుని అడుగులో అడుగు వేస్తోంది. ముందు సీట్లో మా ఆడపడుచు భర్త చెంగల్రాయుడన్న. పలమనేరులో ఆయనకు టమోటా లారీలు మూడున్నాయి. ఆ మూడింటిలో ఒకటి మద్రాసులో సరుకు దించి, ఖాళీ క్రేట్లతో తిరిగి వస్తూ, మా వెనక హారన్ కొట్టి, పక్కకు వచ్చి, ముందుకు వెళ్ళిపోయింది. పోతూ పోతూ డ్రైవరు కిటికీలోంచి తన యజమానికి నమస్కారం కూడా పెట్టాడు.

"బామ్మర్దీ, దిగి తోసేదా?" అన్నాడు చెంగల్రాయుడన్న.

కారులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మొదటి నుంచీ చదువుతున్నవారికి ఆ నవ్వు నాకెందుకు అరగలేదో తెలుసు. మధ్యలో చేరినవారికి రెండు ముక్కల్లో చెప్తాను. ఆ కారు అట్లా నడవడానికి కారణం నేను. ఆ సంగతి మా వారికి తెలియదు.

ఎనిమిది నెలల కిందట పుత్తూరు రోడ్డులో మా వారు ఒక ప్రైవేటు బస్సుతో పందెం వేసుకున్నారు. పందెం ఉన్నట్టు ఆ బస్సు డ్రైవరుకు తెలియదు. కల్వర్టు దగ్గర మా కారు రోడ్డు దిగి గుంతలో కూర్చుంది. పదో తరగతి చదివే మా జాహ్నవికి కుడిచెయ్యి విరిగింది. విరిగేదేదో ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరు దగ్గరే విరిగిందని, అరగంటలో కట్టు కట్టించేశామని మా వారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. ఎనుము అడ్డం వచ్చిందని కూడా చెప్పుకున్నారు. ఎనుము లేదు. ఉందని నేను వంత పాడాను. అది నల్లగా ఉందని కూడా చెప్పాను, ఎవరూ అడక్కపోయినా.

ఆరు వారాలు ఆ పిల్లకు నేను ముద్దలు కలిపి నోట్లో పెట్టాను. ఆరో వారంలోనే రూతు దగ్గరికి జాకెట్టు కొలతకు వెళ్ళాను. రూతు మా వీధి ఆడవాళ్ళందరికీ కుట్టిపెడుతుంది. ఆమె భర్త శాంతయ్య మెకానిక్కు. పలమనేరు రోడ్డులో షెడ్డు, షెడ్డు వెనకే ఇల్లు. రూతు టేపు నా చుట్టూ తిప్పుతుండగా, జాకెట్టుకు లోపల ఒక కుట్టు వేస్తే బిగుతవుతుంది గదా, మా కారుకు కూడా అట్లాంటి కుట్టు ఒకటి వేయగలిగితే బాగుండునని అన్నాను. మాట వరసకే అన్నాను. రూతు ఆ మాటను తీసుకెళ్ళి మొగుడికి చెప్పింది. వారం తిరిగేసరికి జవాబు వచ్చింది. కోయంబత్తూరు నుంచి నెలకొకసారి ఒకాయన లాప్‌టాప్ పట్టుకుని వస్తాడట. ఇప్పటి కార్లలో ఇంజనుకు ఒక కంప్యూటరు ఉంటుందట. ఎంత తొక్కితే ఎంత డీజిలు పోయాలో అందులో రాసి ఉంటుందట. కుర్రకారు అందరూ ఆయన చేత బలం పెంచించుకుంటారు. పెంచడం వచ్చినవాడికి తగ్గించడం రాదా?

కారు సర్వీసుకు పోయిన రోజు ఆ పని జరిగిపోయింది. స్పీడు ఎంత దగ్గర ఆపమంటారని శాంతయ్య అడిగిస్తే, ఎనభై అన్నాను. లెక్క ఏమీ లేదు. నోటికి వచ్చిన అంకె అది. సార్‌కు చెప్పవద్దని కూడా అన్నాను. చెప్పనని ఆయన మాట ఇచ్చాడు.

అప్పటి నుంచి రూతుకూ నాకూ మధ్య కారు పేరు జాకెట్టు. జాకెట్టు ఎట్లుందని ఫోనులో ఆమె అడిగేది. బాగా కుదిరిందని నేను చెప్పేదాన్ని. పక్కనే పేపరు చదువుతున్న మా వారు తలెత్తి, నేను చిక్కానేమోనని పరకాయించి చూసేవారు.

అదే తమాషాగా ఉండేది. అంతకన్నా తమాషా ఇంకొకటి ఉంది. కారు ఎనభై దాటడం లేదని మా వారు కనిపెట్టలేదు. తానే దాటించడం లేదనుకున్నారు. ఇంటికి వచ్చినవాళ్ళతో, మనిషికి ఒక వయసు వచ్చాక తనంతట తాను తగ్గాలని, పుత్తూరు తరవాత తనకు స్పీడు మీద మోజు పోయిందని, మనసు పెడితే ఏ అలవాటైనా పోతుందని చెప్పేవారు. చెంగల్రాయుడన్నకైతే బీడీ మానడం గురించి అరగంట హితబోధ చేశారు. నేను సాంబారు వడ్డిస్తూ తలూపేదాన్ని. లోపలికి పోయి వంటింట్లో నవ్వుకునేదాన్ని. ఇన్నాళ్ళూ నేను చేసింది మంచిపనే అనుకున్నాను కాబట్టి ఆ నవ్వుకు లెక్క చెప్పాల్సిన అవసరం నాకు కనబడలేదు, మొగిలి ఘాటు దాకా.

*

ఘాటు దిగి వచ్చాక మూడు రోజులు మా వారు కారు తీయలేదు. తన విత్తనాల అంగడికి నడిచి పోయి నడిచి వచ్చారు. నాలుగో రోజు పొద్దున ఇడ్లీ ముందు కూర్చుని, నన్ను చూడకుండా, "యశోదా, నువ్వు బీయెస్సీ చదివినావు గదా" అన్నారు.

పెళ్ళయి పందొమ్మిదేళ్ళయింది. నా డిగ్రీ ఆయనకు గుర్తు రావడం అదే మొదలు. ఇడ్లీ బాగా లేదేమో అనుకున్నాను.

సంగతి ఏమంటే, తిరుపతి అబ్బాయి ఒకడు, రూపేష్ అని, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శని ఆదివారాల్లో ఇంజను కంప్యూటర్లకు రీమ్యాప్ అనే పని చేస్తాడట. ఫోనులో మాట్లాడారట. ఈ కారుకు ఇంకో ముప్పై గుర్రాల బలం ఎక్కించవచ్చని చెప్పాడట. చేయించాలా వద్దా అని నన్ను అడుగుతున్నారు. నిజంగానే అడుగుతున్నారు. కంపెనీ గ్యారంటీ పోతుంది. మైలేజీ ఏమవుతుందో తెలియదు. ఇంజను ఆయుస్సు తగ్గుతుందని కొందరంటారు, తగ్గదని చేసేవాళ్ళంటారు. ఇవన్నీ తానే చెప్పి, చట్నీలో వేలు తిప్పుతూ, చివరికి చాలా చిన్న గొంతుతో, "మళ్ళా ఎనుము అడ్డం వస్తే?" అన్నారు.

ఇద్దరికీ తెలుసు ఎనుము లేదని. ఎనిమిది నెలల్లో ఆయన దాని పేరెత్తి, కళ్ళు దించుకున్నది ఆ ఒక్కసారే. చెప్పాలంటే అదీ సమయం. ఒక ఆడది మొగుడితో, నీ అబద్ధం నాకు తెలుసు, నాదీ ఒకటుంది విను అని చెప్పుకోవడానికి ఇంతకన్నా అనువైన ఇడ్లీలు దొరకవు.

నేను గిన్నెల గురించి మాట్లాడాను. పొయ్యి మంట పెంచితే పప్పు తొందరగానే ఉడుకుతుంది, గిన్నె అడుగు మాత్రం మాడుతుందని, కంపెనీవాడు మంట ఎంత పెట్టాలో తెలిసే పెట్టాడని, బీయెస్సీ చదివినదానిలాగే చెప్పాను. చెప్పినదంతా నిజం. ఒక అబద్ధాన్ని కాపాడుకోవడానికి అన్ని నిజాలు నేనెప్పుడూ వాడలేదు. ఆయన శ్రద్ధగా విన్నారు. నువ్వు చెప్పింది సబబేనని, వద్దులెమ్మని చెయ్యి కడుక్కున్నారు. అంత సులభంగా ఒప్పుకున్నందుకు నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన నన్ను నమ్మారు, అదీ ఇబ్బంది.

మధ్యాహ్నం పలమనేరు నుంచి ఫోను వచ్చింది. చెంగల్రాయుడన్న. రేపు తన లారీ మళ్ళా మొగిలి ఎక్కుతుందని, బావమరిది ఇవాళే బయల్దేరితే పైన ఇద్దరూ కలుసుకోవచ్చని చెప్పాడు. ఆయన నవ్వు రిసీవరులోంచి నాకు కూడా వినిపించింది. మా వారు ఫోను పెట్టేసి, ఆ చేత్తోనే రూపేష్‌కు కొట్టారు. ఆదివారం పొద్దున, శాంతయ్య షెడ్డులో అని ఖాయం చేసేశారు.

*

ఆదివారమని శాంతయ్య చర్చికి పోవాల్సింది. మా వారు షెడ్డు తెరవమన్నారని పోలేదు. రూతు ఒక్కతే పోయి వచ్చిందని ఆమె చీర చెప్పింది. చెంగల్రాయుడన్న తన జీపులో పలమనేరు నుంచి దిగాడు, బామ్మర్ది బండికి బలం సూది వేస్తుంటే చూడకుండా ఎట్లా అంటూ. నేను ఎందుకు వెళ్ళానంటే, ఇంట్లో కూర్చునే ధైర్యం లేక. ఫ్లాస్కులో కాఫీ తీసుకువెళ్ళాను. చేతిలో ఫ్లాస్కు ఉన్న ఆడదాన్ని, ఇక్కడెందుకున్నావని ఎవరూ అడగరు.

రూపేష్‌కు ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయి. మర్యాదస్తుడు. స్టీరింగు కింద ఎక్కడో ఒక వైరు తగిలించి, రెండో కొస లాప్‌టాప్‌కు పెట్టాడు. ఇంజను విప్పేది లేదని, నట్టు ముట్టేది లేదని, ముందు కంప్యూటరులో ఉన్న రాతను చదివి, తరవాత దాన్ని దిద్ది తిరిగి రాయడమేనని చెప్పాడు. చదవడానికి ఇరవై నిమిషాలు పడుతుందట. తెర మీద ఒక నీలం గీత మెల్లగా పొడుగవుతోంది. చదివినా తెలియదులే అనుకుంటూ ఆ గీతనే చూస్తూ నిలబడ్డాను. కోయంబత్తూరాయన చేసిపోయిన పని కోయంబత్తూరాయనకే తెలుస్తుందని నా నమ్మకం. నా బీయెస్సీలో ఈ పాఠం లేదు.

గీత నిండింది. రూపేష్ తన దగ్గరున్న కంపెనీ రాతను పక్కన పెట్టి పోల్చాడు. మళ్ళీ పోల్చాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"సార్, దీన్ని ముందే ఎవురో మార్చుండారు."

మా వారి ముఖం వెలిగింది. "పెంచుండారా?"

"లేదు సార్. తగ్గించుండారు."

చెంగల్రాయుడన్న స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

రూపేష్ చెప్పుకుపోయాడు. ఎనభై దగ్గర అడ్డుకట్ట కట్టారట. బలంలో మూడో వంతు కోసేశారట. ఎత్తు ఎక్కేటప్పుడు డీజిలు ఎక్కువ పోయకుండా చేశారట. కానీ ఇంజనుకు ఎక్కడా దెబ్బ తగలకుండా, చాలా ఓపికగా చేశారట. పెంచమని వచ్చినవాళ్ళను వందమందిని చూశాను గానీ తగ్గించమన్నవాళ్ళను ఇంతవరకు చూడలేదని, పనితనం మాత్రం బాగుందని అన్నాడు. ఒక్క క్షణం నాకు గర్వం కూడా కలిగింది. మనిషి ఎంత అడుగుకు దిగజారి ఉన్నా పొగడ్త వినిపిస్తుంది.

ఆ క్షణం అయ్యాక మా వారు షెడ్డంతా ఒకసారి చూశారు. ఈ కారు మా ఇంటి నుంచి ఈ షెడ్డుకు, ఈ షెడ్డు నుంచి మా ఇంటికి తప్ప ఎవరి చేతికీ పోలేదు. ఆ లెక్క వేయడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు.

"శాంతయ్యా, ఎవురు చేసినారు ఇది?"

శాంతయ్య పాత బనియను గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. కారును చూశాడు, రూపేష్‌ను చూశాడు, గోడకు తగిలించిన టైర్లను చూశాడు. నన్ను మాత్రం చూడలేదు. ఎంత జాగ్రత్తగా చూడలేదంటే, కొంచెం తెలివైనవాడెవడైనా ఉంటే అక్కడే పట్టుకునేవాడు.

"బండికి చెడుపు నేను చెయ్యలేదు సార్," అన్నాడు.

"నేనడిగింది అది కాదు."

శాంతయ్య గుడ్డను మడిచి పక్కన పెట్టాడు. ఆ ఖాళీలోకి చెంగల్రాయుడన్న దిగాడు. అసలు కంప్యూటరు పీకి ఎవరికో అమ్ముకుని, పనికిరానిది తెచ్చి తగిలించి ఉంటాడని, మెకానిక్కులు చేసే పనే ఇదని తేల్చేశాడు. పెట్టె అదే, నంబరు కూడా కలిసిందని రూపేష్ రెండుసార్లు చెప్పాడు. ఎవరూ వినలేదు. చెంగల్రాయుడన్న తన మూడు లారీలూ ఇక ఈ షెడ్డు గడప తొక్కవని, మండీలో తాను ఒక మాట అంటే పలమనేరు లారీ ఒక్కటి కూడా తొక్కదని అన్నాడు. అది ఊరికే అన్న మాట కాదు. ఆ షెడ్డులో పొయ్యి వెలిగేది లారీల మీదే. రూతు కుట్టు దానికి తోడు, అంతే.

మా వారు అప్పుడు అన్నారు ఆ మాట.

"కాణిపాకం పోదామా?"

బయటి జిల్లాలవాళ్ళు దీన్ని దైవదర్శనానికి పిలుపు అనుకుంటారు. మా చిత్తూరులో దీనికి అర్థం వేరు. పన్నెండు కిలోమీటర్ల దూరంలో దేవుడున్నాడు, కోనేట్లో మునిగి తడిగుడ్డలతో ఆయన ముందు నిలబడి చెప్పు, అప్పుడు నమ్ముతాను అని. పొలం గట్ల తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, ఎత్తుకుపోయిన మేకలు, అన్నీ అక్కడే తేలతాయి. కోర్టులో అబద్ధం చెప్పి వచ్చినవాడు కూడా అక్కడ చెప్పడు. నలుగురి ముందు ఆ మాట అన్నాక అన్నవాడు వెనక్కి తీసుకోలేడు, పడ్డవాడు కాదనలేడు. కాదంటే దొంగే.

"ఈ ఇంజనుకు జరిగిన మార్పు నీకు తెలీకుండా జరిగిందని ఆడ చెప్పు," అన్నారు మా వారు. "ఇంగ నేనేమీ అడగను."

దొంగతనం చేయలేదని ప్రమాణం చెయ్యమని అడిగి ఉంటే శాంతయ్యకు ఏ ఇబ్బందీ లేదు. అడిగింది అది కాదు. తనకు తెలియదని ఆయన ఏ దేవుడి ముందూ అనలేడు. తెలుసని చెబితే, ఎవరు చేయించారన్నది మరుక్షణం వచ్చే ప్రశ్న. నాకు ఇచ్చిన మాట ఒకటి ఉంది.

"మాకు ఒట్టు పెట్టే ఆచారం లేదు సార్," అన్నాడు శాంతయ్య. "మా చర్చిలో కూడా పెట్టము."

"దొరికినాడు," అన్నాడు చెంగల్రాయుడన్న, నాలుక చప్పరించి.

శాంతయ్య, గుడి దాకా వస్తానని, లోపలికి మాత్రం రానని, లేనిది చెప్పనని, బయట నిలబడతానని, ఆపైన సార్ ఇష్టమని చెప్పి, తొట్టి దగ్గరికి పోయి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. గోళ్ళలో గ్రీజు పోలేదు. పుల్ల తీసుకుని గోళ్ళు గీక్కున్నాడు. ఇంట్లోకి పోయి తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. పొద్దున చర్చికి వేసుకోవాల్సిన చొక్కా అది, ఇస్త్రీ మడతలు నలగలేదు.

ఇంతసేపూ నేనేం చేస్తున్నానని మీరు అడుగుతారు. కాఫీ పోస్తున్నాను. ఒక మనిషి నా కోసం దొంగ అవుతుంటే నేను గ్లాసులు వరసగా పెట్టి, చెంగల్రాయుడన్నకు చక్కెర తక్కువని గుర్తు పెట్టుకుని మరీ పోశాను. మనసులో లెక్కలు వేస్తున్నాను. ఇప్పుడు చెబితే, మధ్యాహ్నం భోజనాలకల్లా పలమనేరంతా తెలుస్తుంది, పెళ్ళాం మొగుడి బండికి తెలియకుండా కళ్ళెం వేసిందని. చచ్చేదాకా ఆయనను ఆ మాట వెంటాడుతుంది. అదే ఇంటికి పోయాక, భోంచేశాక, ఒంటరిగా ఉన్నప్పుడు నెమ్మదిగా చెబితే? కాణిపాకం పోయి వస్తే వచ్చారు, శాంతయ్య లోపలికి పోడు గదా, ఒట్టు పెట్టడు గదా, పెట్టని ఒట్టుకు దోషం ఏముంది? ఆయన పరువు కోసమే నోరు మూసుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగం నిజం. తక్కిన సగంలో ఉన్నది నా పరువే. చదువుకున్న ఇల్లాలు, నెమ్మదస్తురాలు, మాటకు ముందు అన్నయ్యా అనేది. ఆ పేరు నాకు చాలా ఇష్టం.

మెడలో టేపుతో రూతు బయటికి వచ్చింది. మొగుడి చొక్కాను చూసింది, జీపును చూసింది. ఎవరినీ ఏమీ అడగలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చి ఖాళీ గ్లాసు అందుకుంది.

"అక్కా, మీ జాకెట్టు ఇంకా మా ఇంట్లోనే ఉండాది," అంది, అందరికీ వినిపించేటట్టు. "ఎన్ని దినాలు మేము మొయ్యాల?"

ఇప్పుడు జాకెట్ల గోల ఏమిటని మా వారు విసుక్కున్నారు. రూతు ఆయన వైపు తిరగలేదు. నా ముఖంలోకే చూస్తూ నిలబడింది. కొలత తీసుకునేటప్పుడు కూడా ఆమె అట్లాగే చూస్తుంది. ఎక్కడ ఎంత పెరిగామో, ఎక్కడ దాచుకుంటున్నామో ఆమెకు తెలుసు. నేను కళ్ళు దించేసుకున్నాను. కాఫీ చేతి మీద పడింది, కాలింది. కాలినందుకు హాయిగా అనిపించింది.

చెంగల్రాయుడన్న జీపు స్టార్టు చేశాడు. శాంతయ్య మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. వెనక సీట్లో క్రేట్ల మధ్య కూర్చోమని మా వారు చెయ్యి చూపించారు.

"దిగు శాంతయ్యా," అన్నాను.

జీపు చప్పుడులో ఎవరికీ వినిపించలేదు. ఇంకా సమయం ఉంది, ఊరుకోవచ్చు అని కూడా తోచింది, చెప్తున్నాను గదా, అప్పుడు కూడా తోచింది. రూతు మాత్రం వింది. ఆమె పోయి జీపులోకి చెయ్యి పెట్టి తాళం తిప్పేసింది. ఆడది తన జీపు ఆపేసరికి చెంగల్రాయుడన్న రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసేశాడు.

"మార్పించింది నేను," అన్నాను.

"ఏంది మార్పించినావు, జాకెట్టా?" అన్నారు మా వారు.

ఎవరూ నవ్వలేదు. నేను చెప్పాను. కల్వర్టు నుంచి మొదలుపెట్టి, కోయంబత్తూరాయన దాకా, ఎనభై అంకె దాకా. శాంతయ్య వద్దన్నాడని, సార్‌కు చెప్పి చేద్దామన్నాడని, నేనే పట్టుబట్టి నోరు కట్టేశానని కూడా చెప్పాను. అది కూడా నిజమే, మీకు పోయిన భాగాల్లో చెప్పలేదు. చెబితే మీ కళ్ళకు నేను మంచిగా కనపడనని చెప్పలేదు.

చెంగల్రాయుడన్న జీపు దిగి స్టూలు మీద కూలబడి, నవ్వి నవ్వి మొదట కళ్ళు తుడుచుకున్నాడు, తరవాత కడుపు పట్టుకున్నాడు. చెల్లెలా, నా లారీల కంటే నువ్వే గట్టిదానివని, ఈ సంగతి పలమనేరులో చెప్పకపోతే తనకు అన్నం సహించదని అన్నాడు. నేను మా వారినే చూస్తున్నాను. అరుస్తారనుకున్నాను. నలుగురి ముందు చెయ్యెత్తినా ఎత్తవచ్చుననుకున్నాను, పందొమ్మిదేళ్ళలో ఎప్పుడూ ఎత్తకపోయినా. ఆ రెండిటికీ సిద్ధపడే చెప్పాను.

ఆయన కారు బానెట్టు మీద చెయ్యి పెట్టారు.

"అయితే తగ్గింది నేను కాదా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"ఆరు నెల్లు... నేనే తగ్గినాననుకున్నా. దినమూ అనుకున్నా. ఇంటికొచ్చినోళ్ళకంతా చెప్పినా. నువ్వు పక్కనే ఉండి విన్నావు."

విన్నాను. సాంబారు గరిటె పట్టుకుని విన్నాను. వంటింట్లోకి పోయి నవ్వుకున్నాను. ఆ నవ్వు సంగతి ఆయనకు చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. నా ముఖం చూసి ఆయనే తెలుసుకున్నారు. ఘాటులో లారీ దాటిపోయినప్పుడు పోయిన పరువు ఎంత? అది వారం తిరిగేసరికి మళ్ళీ వస్తుంది. ఒక మనిషి తనను తాను మార్చుకున్నాననుకుని ఆరు నెలలు తలెత్తుకుని తిరిగితే, ఆ కాళ్ళ కింద నేను పీట పెట్టి ఉంచాను, ఇప్పుడు నలుగురి ముందు లాగేశాను.

చెంగల్రాయుడన్న ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మా వారు ఆయన వైపు తిరిగి, "బావా, నీ మూడు లార్లూ ఈడికే వస్తాయి. మండీలో ఆ మాట గూడా చెప్పు," అన్నారు. గొంతు పెంచలేదు. చెంగల్రాయుడన్న నవ్వు ఆపి, ఎందుకాపానా అన్నట్టు చూశాడు.

తరవాత శాంతయ్య ముందుకు వెళ్ళారు. ఏదో అనబోయారు. శాంతయ్య కూడా వినడానికే నిలబడ్డాడు, తెల్ల చొక్కాలో, చేతులు కట్టుకోకుండా. తప్పయిందన్న మాట మా వారికి రాలేదు. మా ఇళ్ళలో మగవాళ్ళకు ఆ మాట నేర్పరు. ఆడవాళ్ళకు నేర్పుతారు గానీ, నాకూ సమయానికి రాలేదు గదా. చివరికి ఆయన, "చర్చికి పొద్దు పోయిందేమో," అన్నారు. పోయిందని శాంతయ్య చెప్పాడు.

ఇంతలో రూపేష్ గొంతు సవరించుకున్నాడు. పాపం, పరాయివాడు, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఎక్కడ చూడాలో తెలియక తెరనే చూస్తూ కూర్చున్నాడు. కారు బ్యాటరీ దిగుతోందని, ఏదో ఒకటి చెబితే రాసేసి వైరు తీసేస్తానని, కంపెనీవాడి రాత తిరిగి పెట్టవచ్చని, ముప్పై గుర్రాలు పెంచవచ్చని, ఇప్పుడున్నది ఇట్లాగే ఉంచేయవచ్చని, ఏది చెప్పినా తనకు పావుగంట పని అని, సార్ ఒక్క మాట చెబితే చాలని అన్నాడు.

మా వారు కారు తలుపు తీశారు. డ్రైవరు సీటు తలుపు కాదు, వెనకది. జాహ్నవి కూర్చునే వైపు ఎక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అద్దం దించి, నన్ను కాదు, రూపేష్‌ను చూస్తూ అన్నారు.

"నన్నడగొద్దు నాయనా. నాకెంత ఇస్తే ఎంత తొక్కుతానో నాకు తెలీదు. ఇంతకాలం తెల్సనుకున్నా. ఆమెనడుగు."

రూపేష్ లాప్‌టాప్‌ను నా వైపు తిప్పాడు. తెర మీద ఒక చిన్న గడి, అందులో ఆరిపోతూ వెలుగుతూ ఒక సన్నటి గీత.

"మేడమ్, ఎంత పెట్టమంటారు?"

రూతు చూస్తోంది. శాంతయ్య చూస్తున్నాడు. చెంగల్రాయుడన్న స్టూలు ఇంకొంచెం ముందుకు జరిగింది. వెనక సీట్లో మా వారు తిన్నగా ముందుకు చూస్తూ, బెల్టు పెట్టుకున్నారు. ఆరు నెలల కిందట ఎవరినీ అడక్కుండా టకీమని ఒక అంకె చెప్పిన నోరు, ఇంతమంది అడుగుతుంటే పెగల్లేదు.